పలాస జీడిపప్పు, చేబదులు, మన స్టార్టప్‌లు

స్టార్టప్ పెట్టేవాడికి అన్నిటికన్నా ముందు ఏం కావాలి అని హైదరాబాద్‌లో ఎవర్నడిగినా ఠక్కున చెప్పేవి రెండే. ఒకటి పెట్టుబడి, రెండోది మెంటర్. నేనూ అదే నమ్మేవాణ్ణి. ఇద్దరు స్నేహితులతో కలిసి ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టి, రెండున్నరేళ్ళు లాక్కొచ్చి, 2022 చివర్లో మూసేసి, బుద్ధిగా మళ్ళీ ఉద్యోగంలో చేరాను. (ఏడవడానికి రాస్తున్నది కాదు, కంగారు పడకండి.) ఆ రెండున్నరేళ్ళలో మాకు సలహాలిచ్చిన పెద్దలు పదిమందికి పైనే ఉంటారు. అందరూ మంచివాళ్ళే. నెలకి ఒక గంట కూర్చోబెట్టుకుని, బోర్డు మీద బాణం గుర్తులు గీసి, ఆల్ ద బెస్ట్ చెప్పి పంపేవారు. కానీ రాత్రి పదకొండింటికి సర్వర్ పడిపోయినప్పుడూ, జీతాలకి మూడు లక్షలు తక్కువైనప్పుడూ మేం ఫోన్ చేసింది వాళ్ళెవరికీ కాదు. మాలాగే మునుగుతూ తేలుతూ ఉన్న ఇంకో నాలుగు కంపెనీల వాళ్ళకి.

మొన్న సంక్రాంతికి పలాస వెళ్ళినప్పుడు ఈ మాటే మా మావయ్యతో అన్నాను. ఆయనకి కాశీబుగ్గ అవతల ఒక చిన్న జీడి ఫ్యాక్టరీ ఉంది. ఫ్యాక్టరీ అంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక రేకుల షెడ్డు, ఒక బాయిలర్, ఒక డ్రయ్యర్, పిక్కలు ఎండబెట్టుకోడానికి ఒక సిమెంటు కళ్ళం. 1990ల్లో మొదలెట్టాడు.

"మావయ్యా, నువ్వు ఫ్యాక్టరీ పెట్టినప్పుడు నీకు మెంటర్ ఎవరు?"

"అదేటిరా?"

వివరించాను. మావయ్య కాసేపు ఆలోచించి, "పక్క షెడ్డోడు" అన్నాడు. అక్కణ్ణించి భోజనాల దాకా సాగిన కబుర్లలో "చేబదులు" అన్న మాట కనీసం పాతికసార్లు దొర్లింది. తిరిగొచ్చాక కూడా ఆ మాట నన్ను వదల్లేదు.

చేబదులు అప్పు కాదు. అప్పుకి కాగితం ఉంటుంది, వడ్డీ ఉంటుంది, ఇచ్చినవాడు ఒక మెట్టు పైన కూర్చుంటాడు. చేబదులుకి ఇవేవీ లేవు. చేతిలోంచి చేతిలోకి వెళ్తుంది, నాలుగు రోజుల్లో అలాగే వెనక్కొస్తుంది. ఇచ్చినవాడూ పుచ్చుకున్నవాడూ ఒకే మెట్టు మీద ఉంటారు. ఇవాళ నీ వంతు, రేపు నా వంతు. పలాసలో జీడి వ్యాపారం ఎలా పెరిగిందో అర్థం కావాలంటే ఈ ఒక్క మాట అర్థమైతే చాలా దూరం వెళ్ళొచ్చని నాకనిపిస్తోంది. ఎంత దూరం వెళ్ళలేమో కూడా తెలుస్తుంది, అది తర్వాత చెప్తాను.

ముందు కొంచెం చరిత్ర. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందని మా వైపు చెప్తారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట నుంచి మందస, వజ్రపుకొత్తూరు దాకా సముద్రం పక్కనే కొబ్బరి, జీడి, పనస తోటలు. జీడిమామిడి మన చెట్టు కాదు. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు బ్రెజిల్ నుంచి తెచ్చారు. ఇసుక నేలల్ని గాలికీ వానకీ కోసుకుపోకుండా పట్టి ఉంచుతుందని తీరం పొడుగునా నాటుకుంటూ వచ్చారు. పప్పు పెద్ద వ్యాపారమైంది చాలా ఆలస్యంగా, 1920లలో అమెరికా మార్కెట్ తెరుచుకున్నాక. అప్పుడు వెలిగింది కేరళలోని కొల్లం. జీడి ఎగుమతుల కోసం ప్రభుత్వం ఒక మండలి పెట్టింది 1955లో.

పలాసకి కలిసొచ్చింది రైలు. మద్రాసు, కలకత్తా మెయిన్ లైన్ మీద ఉన్న ఊరు. కింద నౌపడ దగ్గర ఉప్పు కొటార్లు. నౌపడ నుంచి టెక్కలి మీదుగా పర్లాకిమిడికి అక్కడి రాజావారు వేయించిన చిన్న రైలు 1900లోనే నడిచింది, 1931కి గుణుపురం దాకా వెళ్ళింది. ఒకవైపు తోటలు, రెండోవైపు కొండలు, మధ్యలో స్టేషను. సరుకు చేతులు మారడానికి ఇంతకన్నా మంచి చోటు ఏముంటుంది?

ఇంకో సంగతి. ఈ ప్రాంతం మనుషులు ఒకరి పక్కన ఒకరు నిలబడటం జీడిపప్పుతో నేర్చుకోలేదు. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది పలాసలోనే. అది జరిగిన కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులు జరిగాయి. వీరగున్నమ్మ, మరికొందరు రైతులు చనిపోయారు. 1948లో మద్రాసు రాష్ట్రం జమీందారీల రద్దు చట్టం తెచ్చింది. జీడి షెడ్ల కథ ఈ నేల మీద ఆ తర్వాత లేచినదే.

పలాసలో మొదటి ఫ్యాక్టరీ ఎవరిదని అడిగితే ఒక్కో వీధిలో ఒక్కో పేరు చెప్తారు. నాకు ఆ తగాదా మీద ఆసక్తి లేదు. మొదటివాడు ఎక్కడైనా ఎవడో ఒకడు ఉంటాడు. రెండోవాడు, మూడోవాడు, ఇరవయ్యోవాడు ఎలా వచ్చారన్నదే అసలు చరిత్ర. ఇప్పుడు పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల చిన్నవీ పెద్దవీ కలిపి 200కు పైగా ఉన్నాయి. ఏ ఇంక్యుబేటరూ లేకుండా, ఏ డెమో డే లేకుండా.

మా మావయ్య కథ వింటే ఇరవయ్యోవాడు ఎలా వచ్చాడో కొంత తెలుస్తుంది. ఆయన ఒక పాత ఫ్యాక్టరీలో ఆరేళ్ళు గుమస్తాగా చేశాడు. పిక్కలు తూయించడం, కూలీల లెక్క రాయడం, స్టేషన్లో పార్సిల్ బుక్ చేయడం. ఆరేళ్ళ తర్వాత "నేనూ పెట్టుకుంటానండి" అని యజమానికి చెప్పాడు. మన ఐటీ కంపెనీల్లో అయితే ఆ మర్నాడే బ్యాడ్జీ లాక్కుని, పోటీ పెట్టకూడదని ఎప్పుడో సంతకం పెట్టిన కాగితం బయటికి తీస్తారు. ఆ యజమాని మాత్రం నాలుగు రోజులు మొహం ముడుచుకుని, అయిదో రోజున తన పాత బాయిలర్‌ని వాయిదాల మీద ఇచ్చాడట. ఎందుకిచ్చాడు అంటే మావయ్య చెప్పిన కారణం చాలా మామూలుగా ఉంది. "నాను ఎలాగూ పెడతాను. పెట్టినోడు పక్కనే ఉంటే రేపు పిక్క తక్కువైనప్పుడు ఆయనకి అడగడానికి ఇంకో గుమ్మం ఉంటది కదా."

ఇది చదివిన వాళ్ళకి ఫెయిర్‌చైల్డ్ కథ గుర్తు రావాలి. 1957లో షాక్లీ కంపెనీ నుంచి ఎనిమిది మంది ఒకేసారి బయటికొచ్చి ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ పెట్టారు. అందులోంచి బయటికొచ్చినవాళ్ళు 1968లో ఇంటెల్ పెట్టారు, ఇంకా ఎన్నో పెట్టారు. పని నేర్పిన చోటుని వదిలి పక్కనే కుంపటి పెట్టుకోడాన్ని కాలిఫోర్నియా చట్టం ఆపదు. ఆపకపోవడం వల్లే అదంతా జరిగిందని వాదించేవాళ్ళూ ఉన్నారు. అక్కడ చట్టం చేసిన పనిని ఇక్కడ ఒక పెద్దాయన లెక్క చేసింది.

సరే, కొత్తగా పెట్టినవాడు ఎక్కడ చచ్చిపోతాడు? ఇది తెలిస్తేగానీ చేబదులు విలువ తెలీదు.

జీడిపిక్కలు వచ్చేది ఏడాదికి మూడు నెలలు, దాదాపు మార్చి నుంచి మే దాకా. షెడ్డు నడవాల్సింది పన్నెండు నెలలు. అంటే ఏడాది సరుకుకి డబ్బు మూడు నెలల్లోనే పెట్టాలి. పప్పు అమ్ముడై డబ్బు తిరిగొచ్చేది నెమ్మదిగా. ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే పిక్కలు కొనుక్కోవచ్చుగానీ దానికింకా పెద్ద చెయ్యి కావాలి. ఇది మొదటి గొయ్యి.

రెండోది కనిపించని గొయ్యి. పిక్కల బస్తా 80 కిలోలు. మంచి పిక్కయితే అందులో 20 నుంచి 22 కిలోల పప్పు దిగుతుంది. పై చెక్క, నూనె, పొట్టు, పాడైన పప్పు పోగా మిగిలేది అంతే. బస్తాకి రెండు కిలోలు తగ్గిందనుకోండి, అమ్మకంలో పదో వంతు పోయినట్టు. లాభమే అంతుండదు కదా! పోనీ పప్పంతా దిగినా, అది గుండుగా దిగాలి. బద్ద అయితే ఒక ధర, ముక్క అయితే ఇంకో ధర. గుండులో మళ్ళీ సైజులు. పౌనుకి ఎన్ని గింజలు తూగుతాయన్న దాన్ని బట్టి గ్రేడు. పిక్క సరిగ్గా ఎండకపోతే నిల్వలో పాడవుతుంది. ఆవిరి ఎక్కువైతే పప్పు రంగు మారుతుంది, తక్కువైతే కటింగ్‌లో విరిగిపోతుంది. డ్రయ్యర్‌లో నాలుగు నిమిషాలు ఏమరితే పొట్టు ఊడే బదులు పప్పే పొడవుతుంది. ఇవేవీ పుస్తకంలో లేవు. పిక్కని దోసిట్లో పట్టి ఆడిస్తే వచ్చే చప్పుడులో ఉన్నాయి.

మావయ్య గుమస్తాగా ఉన్నప్పుడు లెక్కలు నేర్చుకున్నాడు గానీ ఆ చప్పుడు నేర్చుకోలేదు. మొదటి సీజన్లో వేసవి వాన పడ్డాక కొన్న పిక్కల్ని రెండు రోజులే ఎండబెట్టి గోనెల్లోకి ఎత్తేశాడు. శ్రావణంలో తెరిచి చూస్తే లోపల నల్లమచ్చ. బస్తాకి పదహారు కిలోలు కూడా దిగలేదు. దీపావళికి పప్పు పంపిస్తానని ఒక వ్యాపారికి మాటిచ్చి అడ్వాన్సు పుచ్చుకున్నాడు. బ్యాంకు వాళ్ళు రెండోసారి ఇవ్వం అన్నారు.

అప్పుడు పక్క షెడ్డాయన (మావయ్య ఆయన్ని బావ అని పిలుస్తాడు, చుట్టరికం ఏమీ లేదు) మూడు పనులు చేశాడు. నలభై బస్తాల మంచి పిక్క చేబదులు ఇచ్చాడు, డబ్బుగా కాదు, పిక్కకి పిక్కే. వచ్చే సీజన్లో నలభై బస్తాలు తిరిగివ్వాలి, ధర ఎంతున్నా సరే. రెండు, తన బాయిలింగ్ మేస్త్రీని పది రోజులు పంపించాడు. మూడోది మావయ్య ఇప్పటికీ తల్చుకునేది. పాడైన పప్పుని కూడా కొనే ఒక మిఠాయి వ్యాపారి చిరునామా చెప్పాడు. వ్యాపారంలో చిరునామా చెప్పడమంటే జేబులోంచి నోటు తీసి ఇచ్చినట్టే.

"నలభై బస్తాలు ఇచ్చేశావా మరి?"

"ముప్పైయే ఇచ్చాను. మిగతా పదీ ఆయన బాయిలర్ పగిలినప్పుడు మన షెడ్లో పిక్క ఉడకబెట్టుకున్నాడు, దాంట్లో సెల్లిపోయాయి."

ఇదీ లెక్క. నేను ఇంజనీరింగు బుర్రతో ఆలోచిస్తే నాకు కనిపించిందేమిటంటే, ఈ లెక్క ఎప్పటికీ పూర్తిగా తేలకపోవడమే దాని బలం. ఎవరో ఒకరు ఎప్పుడూ కొంచెం బాకీ ఉంటారు. బాకీ ఉన్నన్నాళ్ళూ రాకపోకలుంటాయి. ఎవరి పప్పు ఏ ఊళ్ళో డబ్బివ్వకుండా ఆగిపోయిందో, ఏ వ్యాపారి చెక్కు వెనక్కొచ్చిందో సాయంత్రం టీ కొట్టు దగ్గర తేలిపోతుంది. ఒకణ్ణి ముంచినవాడికి పలాసలో రెండో షెడ్డు దొరకదు.

ఇలాంటి ఊళ్ళ గురించి ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఆర్థికవేత్త 1890లోనే రాశాడు. ఒకే పని చేసేవాళ్ళు ఒకే చోట చేరితే పనిలోని రహస్యాలు గాల్లోకి వచ్చేస్తాయి, పిల్లలు తెలీకుండానే నేర్చేసుకుంటారు అని ఆయన భావం. వందేళ్ళ తర్వాత, 1994లో, ఆనాలీ శాక్సేనియన్ సిలికాన్ వ్యాలీనీ బోస్టన్ పక్కనున్న రూట్ 128నీ పోల్చి ఒక పుస్తకం రాసింది. రెండు చోట్లా చదువులున్నాయి, డబ్బుంది. బోస్టన్ కంపెనీలు గోడలు కట్టుకుని ఎవరికి వారు ఉన్నాయి, వ్యాలీలో పోటీదారులు సాయంత్రాలు కలిసి కూర్చునేవాళ్ళు. 1975 మార్చి 5న మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఆయన కారు షెడ్డులో హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటిసారి కూడింది. వోజ్నియాక్ తన యాపిల్ 1 సర్క్యూట్ కాగితాల్ని అక్కడివాళ్ళకి ఊరికే పంచిపెట్టేవాడు. ఆ షెడ్డుకీ మా కాశీబుగ్గ షెడ్డుకీ పెద్ద తేడా లేదు, అక్కడ జీడి నూనె వాసన ఉండదు అంతే :-)

అయితే ప్రతిచోటా ఇలా జరగదు. పలాస నుంచి దక్షిణంగా కాస్త దూరం వెళ్తే టెక్కలి. అక్కడ నీలి గ్రానైట్. విదేశాలకి వెళ్ళే రాయి. ఇదే జిల్లా, ఇదే జనం, కానీ అక్కడ గుమస్తా యజమాని అయిన కథలు నాకు వినబడలేదు. కారణం వెతకడానికి కష్టపడక్కర్లేదు. క్వారీకి లీజు కావాలి, రాయిని కోసి ఎత్తే యంత్రాలు కావాలి. అడుగు పెట్టాలంటేనే కోట్లు. రాతి దిమ్మని ఎవరూ చేబదులు ఇవ్వలేరు. జీడి పని చిన్న చిన్న భాగాలుగా విడిపోతుంది. బస్తా ఇవ్వొచ్చు, మేస్త్రీని పది రోజులు ఇవ్వొచ్చు, డ్రయ్యర్ ఒక రాత్రి ఇవ్వొచ్చు. చేబదులు అన్నది మంచి మనసు వల్ల మాత్రమే పుట్టదని, పంచుకోడానికి వీలైన ముక్కలుగా పని ఉండాలని నాకు టెక్కలి చూశాకే అర్థమైంది. మా కంపెనీల్లో కూడా అంతే. కోడ్ ఇచ్చుకునేవాళ్ళం, సర్వర్ ఇచ్చుకునేవాళ్ళం, ఒక డిజైనర్ని నెలకి వారం చొప్పున నలుగురం పంచుకునేవాళ్ళం.

ఇక్కడిదాకా చదివి ఆహా అనుకుంటే మీరు నాలాగే మోసపోయినట్టు. మావయ్య మాటలు విని నేనూ ఆ రోజంతా గాల్లో తేలాను. రాత్రి తిత్లీ సంగతి వచ్చింది.

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంటకి 140, 150 కిలోమీటర్ల గాలి. (2013లో ఫైలిన్ అక్టోబర్ 12న, 2014లో హుద్‌హుద్ అక్టోబర్ 12న. మా వైపు ఆ వారం ఎవరూ ముహూర్తాలు పెట్టుకోరంటే తప్పు లేదు.) ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వరసగా పడుకుండిపోయాయి. జీడి మొక్క నాటితే మూడు నాలుగేళ్ళకి కాపు మొదలవుతుంది, నిండు కాపుకి ఇంకా ఎన్నేళ్ళో. షెడ్ల మీద రేకులు లేచిపోయాయి, నిల్వ ఉన్న పిక్క తడిసిపోయింది, రోజుల తరబడి కరెంటు లేదు.

"అప్పుడు ఎవరి దగ్గర చేబదులు తెచ్చావు మావయ్యా?"

"ఎవుడి దగ్గరుందిరా తేడానికి? నా రేకులు ఆడి షెడ్లో, ఆడి రేకులు చెరువులో."

నవ్వాను గానీ నాకు లోపల చురుక్కుమంది. సాఫ్ట్‌వేర్లో మాకు ఇది మొదటి పాఠం. ఒక సర్వర్ పోతే ఇంకోటి పనిచెయ్యాలని రెండు పెడతాం. రెండూ ఒకే కరెంటు తీగ మీద ఉంటే రెండు పెట్టి లాభం లేదు. పలాసలో 200 షెడ్లు ఒకే తీగ మీద ఉన్నాయి. ఒకే పంట, ఒకే తీరం, ఒకే ధర. 2016 బడ్జెట్‌లో దిగుమతి పిక్క మీద సుంకం వేస్తే ఆ దెబ్బ కొనేవాళ్ళందరికీ ఒకేసారి. వియత్నాం యంత్రాలు పెట్టి 2006 నాటికే పప్పు ఎగుమతుల్లో మనల్ని దాటేస్తే ఆ దెబ్బా అంతే. హైదరాబాద్‌లో మా అయిదు కంపెనీల జట్టు కూడా అంతే. 2022లో స్టార్టప్‌లకి పెట్టుబడులు ఎండిపోయినప్పుడు మా అయిదుగురికీ దాదాపు ఒకే నెలలో ఎండిపోయాయి. ఒకరికొకరం ఫోన్లు చేసుకున్నాం, ఓదార్చుకున్నాం. ఇవ్వడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. నలుగురం మూసేశాం.

తిత్లీ తర్వాత మావయ్యని నిలబెట్టింది పక్క షెడ్డు కాదు. పదిహేనేళ్ళుగా పప్పు కొంటున్న నాగపూర్ వ్యాపారి ఒకాయన, మూడు నెలల తర్వాత ఇవ్వాల్సిన డబ్బు ముందే పంపించాడు. ఆయన మావయ్యకి సాటివాడు కాదు, చాలా పెద్దవాడు. వాళ్ళిద్దరూ కలిసి టీ తాగింది రెండుసార్లేనట. కానీ ఆయన ఉన్నది వేరే గాలిలో.

సాటివాళ్ళ సాయం గురించి ఇంకో చేదు నిజం ఉంది. సాటివాళ్ళంటే ఎవరు అన్నది ఎవరు నిర్ణయిస్తారు? పప్పు ధర పడిపోయినప్పుడు యజమానులంతా మాట్లాడుకుని కొన్నాళ్ళు షెడ్లు ఆపేసుకుంటారు. అది కూడా ఒకరికొకరు చేసుకునే సాయమే. ఆ రోజుల్లో కటింగ్, పీలింగ్ చేసే ఆడవాళ్ళకి కూలి ఉండదు. పిక్కకి ఎంత ఇవ్వాలో యజమానులంతా ఒకే మాట మీద ఉంటే రైతుకి ఇంకో గుమ్మం ఉండదు. 80 కిలోల బస్తాకి 16 వేలు ఇప్పించండి అని ఉద్దానం రైతులు రోడ్డెక్కింది ఊరికే కాదు. మా మావయ్య చేబదులు కథలో నలభై బస్తాలున్నాయి, బాయిలర్ ఉంది, మిఠాయి వ్యాపారి ఉన్నాడు. జీడి నూనె తగిలి చేతుల చర్మం ఊడిపోతూ ఒక్కో పిక్కనీ చెక్క విప్పి పప్పు తీసిన మనిషి మాత్రం ఆ కథలో లేదు. నేను అడిగేదాకా నాకూ తట్టలేదు, సిగ్గుగా ఒప్పుకుంటున్నాను.

ఆ మనుషులకి వేరే చేబదులు ఉంది. 2000లో అప్పటి ప్రభుత్వం ప్రపంచ బ్యాంకు అప్పుతో వెలుగు పథకం మొదలెట్టింది మొదట ఆరు జిల్లాల్లోనే, అందులో శ్రీకాకుళం ఒకటి. పది పదిహేను మంది ఆడవాళ్ళు ఒక సంఘం, వారం వారం పొదుపు, ఒకరికొకరు పూచీ. జనం నోట్లో అది ఇప్పటికీ డ్వాక్రాయే. చేబదులుని తీసుకుని దానికో పుస్తకం, ఒక తీర్మానం, ఒక బ్యాంకు ఖాతా తగిలించారన్నమాట. చాలామందికి మేలు జరిగింది, నా కళ్ళతో చూశాను. కానీ ఇదే పద్ధతిని సూక్ష్మరుణ కంపెనీలు అందిపుచ్చుకున్నాక ఏమైందో కూడా చూశాం. ఒకామె వాయిదా కట్టకపోతే మిగతా వాళ్ళు ఆమె గుమ్మంలో కూర్చోవాలి. స్నేహమే తాకట్టు. ఆత్మహత్యల వార్తలొచ్చాక 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి ఆ వసూళ్ళకి పగ్గం వేసింది. పక్క షెడ్డాయన నలభై బస్తాలు ఇచ్చినప్పుడు తిరిగిరాకపోతే పోయేది ఆయనవే, కాబట్టి ఇవ్వాలో వద్దో ఆయనే చూసుకున్నాడు. కంపెనీ డబ్బుకి పక్కింటావిడని పూచీ పెడితే ఆ చూసుకోవడం ఉండదు, కాపలా మాత్రమే ఉంటుంది. స్టార్టప్‌ల వాళ్ళని జట్లుగా కట్టి, ఒకరి పురోగతికి ఇంకొకర్ని బాధ్యుల్ని చేసే కార్యక్రమాలు చూసినప్పుడు నాకు ఈ తేడా గుర్తొస్తుంది. మా జట్టు నిజంగా కలిసింది ఆ కార్యక్రమం అయిపోయాకే, ఎవరూ హాజరు వేయనప్పుడు.

బయల్దేరే ముందు మావయ్యతో షెడ్డుకి వెళ్ళాను. పండగ కదా, పని లేదు. ఒకావిడ మాత్రం చాప మీద కూర్చుని గ్రేడింగ్ చేస్తోంది. ఇరవయ్యేళ్ళకి పైగా అక్కడే పనిచేస్తోందట. జల్లెడ కూడా వాడట్లేదు, చూపుతోనే 240 ఇటు, 320 అటు వేసేస్తోంది. ఒక నిమిషం చూస్తూ నిలబడ్డాను, ఒక్కటి కూడా తప్పు పడలేదు. డ్వాక్రాలో అప్పు తీసుకుని ఇంటి దగ్గర పీలింగ్ మొదలెట్టిందనీ, కూతురు మార్కెట్లో అమ్ముతోందనీ మావయ్యే చెప్పాడు. కాస్త మెచ్చుకోలుగానే చెప్పాడు.

బయటికొచ్చాక అడిగాను. "ఆవిడ ఎప్పుడైనా నిన్ను పిక్క చేబదులు అడిగిందా?"

"లేదురా."

"అడిగితే ఇస్తావా?"

మావయ్య తాళం వేసి, లాగి చూసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"సూద్దుము," అన్నాడు.